తేడా చెప్పడం ఎలా? ముందు ‘కానీ’ పక్కన పెట్టండి

డాలస్‌లో ఉన్న మా మనవరాలు పోయిన వేసవిలో ఫోను చేసింది. ఇంటి వంటల గురించి బడిలో ఏదో రాయమన్నారట. “తాతయ్యా, ఆవకాయ, మాగాయ రెండూ మామిడికాయతోనే కదా, మరి తేడా ఏమిటి?” అని అడిగింది. ఇరవై ఏళ్లకు పైగా పత్రికలో ఇతరుల వాక్యాలు దిద్దిన మనిషిని. తడుముకోకుండా చెప్పాను: “ఆవకాయ కారంగా ఉంటుంది కానీ మాగాయ పుల్లగా ఉంటుంది.” పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న మా ఆవిడ తల కూడా ఎత్తకుండా అంది: “ఆవకాయ పుల్లగా ఉండదా? మాగాయలో కారం వేయమా?”

తర్వాత ఫోను తనే తీసుకుంది. “ఆవకాయ ముక్కకు టెంక ఉండాలి, మాగాయ ముక్కకు టెంక ఉండకూడదు. ఆవకాయకు చెక్కు తీయం, మాగాయకు తీస్తాం. ఆవకాయ ముక్క ఎండ చూడదు, మాగాయ ముక్క ఉప్పులో ఊరి ఎండలో వడలాలి. అందులో ఆవపిండి, ఇందులో మెంతిపిండి. రాసుకున్నావా?”

నాలుగే వాక్యాలు. ఒక్క ‘కానీ’ లేదు, ఒక్క ‘అయితే’ లేదు. నా వాక్యంలో ‘కానీ’ ఉంది, తేడా లేదు. ఆ మొట్టికాయ తర్వాత కూర్చుని ఆలోచించి రాసుకున్న పద్ధతి ఇది. వ్యాసం రాసేవారికీ, పిల్లలకు పాఠం చెప్పేవారికీ, కొట్టులో సరుకు అమ్మేవారికీ, ఇంట్లో మాట నెగ్గించుకోవాలనుకునేవారికీ పనికొస్తుంది.

1. ఒకే ప్రశ్న రెంటినీ అడగండి

ఒక కాగితం తీసుకుని నిలువుగా రెండు గీతలు గీయండి. మూడు గళ్లు వస్తాయి. ఎడమ గడిలో ఒక వస్తువు, కుడి గడిలో రెండోది. మధ్య గడి ప్రశ్నలకు. చాలామంది ఈ మధ్య గడిని వదిలేస్తారు, అక్కడే పని చెడుతుంది.

“హైదరాబాద్‌లో ఎండ ఎక్కువ, విశాఖపట్నం అందమైన ఊరు” అన్నారనుకోండి. మొదటి ఊరిని వాతావరణం గురించి అడిగారు, రెండో ఊరిని అందం గురించి అడిగారు. విన్నవారికి రెండు కబుర్లు తెలిశాయి, ఒక్క తేడా కూడా తెలియలేదు. ప్రశ్న ఒకటే పెట్టండి: వేసవి మధ్యాహ్నం ఎలా ఉంటుంది? హైదరాబాద్ సముద్రానికి దూరంగా, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న ఊరు. అక్కడిది పొడి ఎండ. నీడలోకి వెళితే కాస్త ప్రాణం లేచివస్తుంది. విశాఖ సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడ ఎండ అంకెల్లో తక్కువే అయినా ఉక్కపోతకు నీడలోనూ చొక్కా తడుస్తుంది. ఇప్పుడు అది తేడా.

నా తప్పు కూడా ఇదే. ఆవకాయను కారం అడిగాను, మాగాయను పులుపు అడిగాను. మా ఆవిడ నాలుగు ప్రశ్నలు వేసుకుంది. టెంక, చెక్కు, ఎండ, పిండి. ప్రతి ప్రశ్ననూ రెంటినీ అడిగింది.

రెండు వైపులా ఒకే జవాబు వచ్చిన ప్రశ్నలు కూడా కొన్ని ఉంటాయి. వాటిని కొట్టేయకండి, ముందుగా చెప్పాల్సినవి అవే. రెండూ పచ్చి మామిడికాయతోనే పెడతాం, రెండూ ఏడాదిపాటు నిలవుంటాయి అన్నాకే టెంక సంగతికి విలువ వస్తుంది. ఉప్పుకూ కర్పూరానికీ తేడా ఏమిటని అడుగుతారు, రెండూ తెల్లగా ఉంటాయి కనుక. ఉప్పుకూ ఎడ్లబండికీ తేడా ఏమిటని ఎవరూ అడగరు.

2. ఏ తేడానో తేల్చుకోండి

మనకు మాటలకు కరువు లేదు. ఉన్నవాటిని కలిపేయడమే ఇబ్బంది. కొలిచి చెప్పగలిగితే ‘వ్యత్యాసం’: ధరల్లో, వయసులో, ఉష్ణోగ్రతల్లో. రకాలు వేరైతే ‘భేదం’. పూడ్చవలసిన దూరం ఉంటే ‘అంతరం’: తరాల అంతరం, ఆదాయాల మధ్య అంతరం. రెండూ ఏకకాలంలో నిజం కాలేకపోతే ‘వైరుధ్యం’: ఉదయం ఇచ్చిన వాంగ్మూలానికీ సాయంత్రం ఇచ్చినదానికీ ఉండేది అది. అనేక రకాలు ఉండి అది మెచ్చుకోదగినదైతే ‘వైవిధ్యం’. అదే తేడా మనుషుల మధ్య పగగా మారితే ‘వైషమ్యం’. మాట ఒకటి, చేత ఒకటి అయితే ‘పొంతన లేదు’ అంటాం.

ఒక కుర్రాడు రెండు ఊళ్ల పంటల గురించి రాస్తూ “ఈ రెండు గ్రామాల మధ్య తీవ్ర వైషమ్యం ఉంది” అని రాసి నా బల్ల మీద పెట్టాడు. ఒక ఊరు వరి వేస్తుంది, పక్క ఊరు పత్తి వేస్తుంది, అంతే అతని ఉద్దేశం. అచ్చయి ఉంటే మర్నాడు రెండు ఊళ్ల పెద్దలూ వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చునేవారు. ‘అభిప్రాయభేదాలు’, ‘విభేదాలు’ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అభిప్రాయభేదాలున్నవారు కలిసి కాఫీ తాగవచ్చు. విభేదాలున్నాయంటే చదివేవారు తగాదా అనే అనుకుంటారు.

ఇక ‘తేడా’. నూటికి తొంభైసార్లు ఇదే సరిపోతుంది. కాకపోతే దీనికి ఇంకో ముఖం ఉంది. “లెక్కలో తేడా వచ్చింది” అంటే డబ్బు ఎక్కడో జారింది. “ఒంట్లో తేడా చేసింది” అంటే జబ్బు. “మనిషి తేడాగా ఉన్నాడు” అంటే అతన్ని ఎవరితోనూ పోల్చడం లేదు, అనుమానిస్తున్నాం. అందుకే మిఠాయి కొట్టు ప్రకటనలో “మా రుచి తేడాగా ఉంటుంది” అని రాస్తే జనం పాడైపోయిందనుకుంటారు. “మా రుచే వేరు” అనండి. ఆ చిన్న ‘ఏ’కారం తేడాను పొగడ్తగా మారుస్తుంది.

తేడా ఎంతో కూడా చెప్పాలి. కొంచెమైతే వెంట్రుకవాసి. పోలికే కుదరనంత పెద్దదైతే నక్కకూ నాకలోకానికీ ఉన్నంత. ఏనుగుకూ దోమకూ ఉన్నంత అని సంస్కృతంలో చెప్పాలనుకుంటే హస్తిమశకాంతరం. ఈ పెద్ద మాటలను రెండు రకాల బియ్యం మీద ఖర్చు పెట్టకండి.

3. రెంటినీ కలిపే చోట దీర్ఘం ఇవ్వండి

“ఉప్పు మరియు కర్పూరం మధ్య తేడాలు” అనే తరహా శీర్షికలు పాఠ్యపుస్తకాల్లో చూస్తూనే ఉంటాం. అలా ఎవరూ మాట్లాడరు. ఉప్పుకూ కర్పూరానికీ తేడా. పల్లెకూ పట్నానికీ తేడా. ఆ చివరి దీర్ఘాలే ‘మరియు’ చేసే పని చేస్తాయి. ‘మధ్య’ కావాలంటే చేర్చుకోండి, తప్పులేదు. ‘మరియు’ మాత్రం తీసేయండి.

పోల్చేటప్పుడు ‘కంటే’, ‘కన్నా’ చాలు. “రాము కంటే సోము పొడుగు.” విశేషణాన్ని మార్చనక్కరలేదు, ముందు ‘ఎక్కువ’ తగిలించనక్కరలేదు. “సోము ఎక్కువ పొడవైనవాడు” అనేది అనువాదపు వాక్యం. అలాగే “దీనికి విరుద్ధంగా”. విరుద్ధం అంటే ఎదురు నిలిచింది, నియమానికి అడ్డం వచ్చింది. చట్టవిరుద్ధం అన్నట్టు. ఒకరు ఇడ్లీ తింటే ఇంకొకరు దోసె తినడం విరుద్ధం కాదు, ‘భిన్నం’ అనడం కూడా ఎక్కువే.

4. దగ్గరగా పెట్టండి

చీరల దుకాణంలో ‘కాంట్రాస్ట్ జాకెట్టు’ అడుగుతారు. దానికి తెలుగు మాట వెతకనక్కరలేదు, ఆ మాట చీరతోపాటే ఇంట్లోకి వచ్చేసింది. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు ఎందుకు అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది? ఎరుపు, ఆకుపచ్చ రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉంటాయి. పక్కపక్కన పడితే ఒకదాన్ని ఒకటి ఎగదోస్తాయి. పసుపు, ఊదా కూడా అంతే. పచ్చని మామిడాకుల మధ్య బంతిపూలు గుచ్చిన తోరణం వీధి చివరికి కనిపించడం కూడా రంగుల తేడా వల్లే. గద్వాల చీరలో ఈ తేడా రంగుతో ఆగదు, నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతుకుతారు. చేత్తో తడిమినా తెలుస్తుంది. ఆ అంచును విప్పి బీరువాలో వేరే అరలో పెడితే తేడా ఎవరికీ కనిపించదు.

వాక్యాలూ అంతే. ఆవకాయ గురించి రెండు పేజీలు రాసి, ఆ తర్వాత మాగాయ గురించి రెండు పేజీలు రాస్తే చదివేవారు వెనక్కి తిప్పుకుంటూ వెతుక్కోవాలి. వంట, వస్తువు, ధర, పద్ధతి లాంటివైతే ఒక్కో అంశానికి రెంటినీ వెంటవెంటనే చెప్పండి. ఊరి అప్పటి రూపం, ఇప్పటి రూపం లాంటి పెద్ద చిత్రాలైతే మాత్రం విడివిడిగా గీయడమే మేలు. ముక్కలు చేస్తే రెండూ చెడతాయి.

5. అతుకు ఆఖరున వెతకండి

ఇక్కడ కాసేపు ఆగుదాం, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ‘కానీ’ అనగానే తేడా చెప్పేశామని భ్రమపడతాం.

‘కానీ’కి ఒక పని ఉంది. మొదటి సగం విన్నవారిలో ఒక ఆశ పుడుతుంది, రెండో సగం దాన్ని విరగ్గొడుతుంది. “వాన పడింది కానీ చెరువు నిండలేదు.” వాన పడిందంటే చెరువు నిండిందనుకుంటాం, నిండలేదు. ఇక్కడ ‘కానీ’ తిన్న ఉప్పుకు తగ్గ పని చేసింది. “ఆవకాయ కారంగా ఉంటుంది” అంటే మాగాయ గురించి ఎవరికీ ఏ ఆశా పుట్టదు. విరగ్గొట్టడానికి ఏమీ లేని చోట ‘కానీ’ పెట్టాను. అదీ నేను చేసింది.

పైగా ‘కానీ’ బరువంతా తన వెనక వచ్చేదాని మీద వేస్తుంది. “ఇల్లు చిన్నది కానీ గాలి బాగా వస్తుంది.” “గాలి బాగా వస్తుంది కానీ ఇల్లు చిన్నది.” సమాచారం ఒకటే. మొదటిది ఇల్లు చూపించేవారి మాట, రెండోది అద్దె తగ్గించమనేవారి మాట. మీరు ఏ పక్షమో ముందే తేల్చుకుని వాక్యం వేయండి.

ఊరికే రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టాలంటే ‘ఏమో’ ఉంది. “పెద్దవాడేమో పొలం చూసుకుంటున్నాడు, చిన్నవాడేమో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు.” ఎవరినీ తక్కువ చేయలేదు, ఏ ఆశనూ విరగ్గొట్టలేదు. ఒక్క జాగ్రత్త: దీన్ని జంటగా వాడండి. ఒంటరిగా వదిలితే “వస్తాడేమో” లోని అనుమానం తొంగిచూస్తుంది. ‘ఏమో’ మరీ ఇంటిమాటగా అనిపిస్తే రెండూ తీసేసి కామా పెట్టండి. మా ఆవిడ చేసింది అదే.

ఒకరిని గుంపులోంచి విడదీయడానికి ‘మాత్రం’. “అందరూ వచ్చారు, సీత మాత్రం రాలేదు.” ఇది ఏ మాట వెనక కూర్చుంటే ఆ మాటను లాగుతుంది. ఒకే వాక్యం తీసుకుని దాన్ని జరిపి చూడండి:

“రవి మాత్రం ఇంట్లో కాఫీ తాగడు.” మిగతావాళ్లు తాగుతారు.

“రవి ఇంట్లో మాత్రం కాఫీ తాగడు.” బయట తాగుతాడు. ఎందుకో వాళ్లావిడను అడగాలి.

“రవి ఇంట్లో కాఫీ మాత్రం తాగడు.” టీ ఇవ్వండి, తాగుతాడు.

మూడింట్లోనూ మాటలు అవే. చోటు మారింది. తెలుగులో తేడా చెప్పే బలం చాలావరకు ఇలా చోటులోనే, మాట చివరి ప్రత్యయంలోనే ఉంటుంది. దాన్ని వదిలేసి వాక్యానికో అతుకుమాట వెతుక్కోవడం, చేతిలో కత్తిపీట ఉండగా పక్కింటికి చాకు అడగడానికి వెళ్లినట్టుంటుంది.

పైకి ఒకటి, లోపల ఒకటి అని చెప్పాలంటే ‘ఏ’కారాన్నీ ‘గానీ’నీ జోడించండి. “పేరుకే పట్నం గానీ మంచినీళ్లకు బిందెల వరస తప్పదు.” “చూడటానికే చిన్నవాడు గానీ లెక్కల్లో గట్టివాడు.” ఒప్పుకుంటూనే కాదనాలంటే క్రియకు ‘నా’ చేర్చండి: “ఎంత చదివినా గుర్తుండటం లేదు.” దీన్నే ఆఫీసు కాగితాల్లో “చదివినప్పటికీ” అని సాగదీస్తారు. సాగదీసినందువల్ల వచ్చే అదనపు అర్థం ఏమీ లేదు.

‘అయితే’ సంగతి వేరు. “నేనైతే రాను” అన్నప్పుడు అది పదును. మాటకు అంటుకుని “మిగతావారి సంగతి నాకు తెలియదు” అనే అర్థం కూడా ఇస్తుంది. వాక్యం మొదట్లో విడిగా నిలబడ్డ ‘అయితే’ మాత్రం మా పత్రికలవాళ్ల అలవాటు. పేరా మారిన ప్రతిసారీ ఒక ‘అయితే’, అది అరిగిపోతే ఒక ‘కాగా’. ఆ రెంటినీ కొట్టేస్తూనే నా ఉద్యోగంలో సగం గడిచింది. కొట్టేశాక వాక్యం కుంటిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మరొకటి ఉంది, మనకు అలవాటైపోయి గమనించం: ‘కాదు’, ‘లేదు’. “ఇది చారు కాదు, పులుసు.” వస్తువు ఏమిటన్నది తేల్చాం. “చారు లేదు, పులుసు ఉంది.” ఏది ఉందన్నది తేల్చాం. తేడా చెప్పడానికి ‘కాదు’ పదునైనది, అది సరిగ్గా ఒక మాటనే తోసేసి ఇంకోదాన్ని ఆ పీటమీద కూర్చోబెడుతుంది. “నేను కాఫీ అడగలేదు” అంటే ఇంకేమీ అడగలేదేమో కూడా. “నేను అడిగింది కాఫీ కాదు, టీ” అంటే హోటల్లో రెండోసారి చెప్పనక్కరలేదు.

6. అంకెలు వస్తే కాస్త నిదానించండి

కిలో టమాటా 20 రూపాయల నుంచి 40కి పెరిగితే ధర రెట్టింపయింది. “రెండు రెట్లు ఎక్కువైంది” అని రాస్తే కొందరు 40 అనుకుంటారు, కొందరు 60 అనుకుంటారు. రెట్టింపు అనండి, వివాదం ఉండదు.

శాతాల దగ్గర ఇంకా జాగ్రత్త. 2011 జనగణన ప్రకారం దేశంలో పురుషుల అక్షరాస్యత 80.9 శాతం, స్త్రీలది 64.6 శాతం. “స్త్రీల అక్షరాస్యత 16.3 శాతం తక్కువ” అంటే తప్పు. వ్యత్యాసం 16.3 శాతం పాయింట్లు, అంటే ఒక శాతంలోంచి ఇంకో శాతాన్ని తీసేస్తే మిగిలేది. పురుషుల అంకెతో పోల్చి శాతంలోనే చెప్పాలంటే దాదాపు 20 శాతం తక్కువ. ఈ ఒక్క అంకె దగ్గరే ఆగితే సగం కథ మిగిలిపోతుంది. 2001లో ఆ అంకెలు 75.3, 53.7. అంటే అప్పటి అంతరం 21.6 పాయింట్లు, పదేళ్లలో 16.3కి తగ్గింది. స్త్రీ పురుషుల మధ్య తేడా ఒకటి, 2001కీ 2011కీ తేడా ఇంకొకటి. రెంటినీ ఒకే వాక్యంలో కుక్కకండి, ముందు ఒకటి, తర్వాత ఒకటి.

7. సామెత నుంచి కొలత తీసుకోండి, జంటమాటలతో జాగ్రత్త

“మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు.” “పేరు గొప్ప, ఊరు దిబ్బ.” “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.” “పైన పటారం, లోన లొటారం.” ఎక్కడైనా ‘కానీ’ కనిపించిందా? రెండు సగాలూ దాదాపు ఒకే పొడవు, ఒకే కట్టుబడి. ఈగల సామెతలో ‘మోత’ రెండుచోట్లా అలాగే ఉంచి ఇంటిని బయటగా, ఈగలను పల్లకీలుగా మార్చారు. మారనిది ఉంది కాబట్టి మారింది కనిపిస్తుంది. మీ వాక్యాన్నీ ఇలా తూచి చూడండి. ఒక సగం నాలుగు మాటలు, రెండో సగం పదిహేను మాటలు అయితే పెద్ద సగాన్ని కోయండి.

జంటమాటలు మాత్రం మోసం చేస్తాయి. కష్టసుఖాలు, మంచిచెడ్డలు, రాకపోకలు, లాభనష్టాలు. ఎదురెదురు మాటలే, కలిసి కాపురం చేసి చేసి ఎదురుతనం పోయింది. “కష్టసుఖాలు మాట్లాడుకున్నాం” అంటే కష్టాలకూ సుఖాలకూ తేడా చర్చించామని కాదు, మనసు విప్పి కాసేపు కబుర్లు చెప్పుకున్నామని. “అత్తగారి మంచిచెడ్డలు కోడలే చూస్తుంది” అంటే ఆవిడలోని చెడ్డ వెతుకుతోందని కాదు, సేవ చేస్తోందని. తేడా చూపించాలనుకున్న చోట ఈ జంటను విడదీయక తప్పదు: “కష్టం చెప్పుకోవడానికి వస్తాడు, సుఖం చెప్పడానికి రాడు.”

8. అచ్చుకు ముందు

రాసింది ఒకసారి పైకి చదవండి. ప్రతి ‘కానీ’ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టండి. దాన్ని తీసేసి కామా పెట్టి మళ్లీ చదవండి. అర్థం మారకపోతే అది ఊరికే కూర్చున్న ‘కానీ’, పంపించేయండి. మారితే ఉంచండి. ‘అయితే’కూ ఇదే పరీక్ష. ఆ తర్వాత రెండు సగాల్లోని వస్తువుల పేర్లను తారుమారు చేసి చూడండి. ఆవకాయ స్థానంలో మాగాయ, మాగాయ స్థానంలో ఆవకాయ. అప్పుడు వాక్యం అబద్ధం కావాలి. కాకపోతే మీరు చెప్పింది తేడాయే కాదు. “ఆవకాయ కారంగా ఉంటుంది, మాగాయ పుల్లగా ఉంటుంది” అనే నా వాక్యాన్ని తిప్పి “మాగాయ కారంగా ఉంటుంది, ఆవకాయ పుల్లగా ఉంటుంది” అని చదివాను. అదీ నిజమే.

మనవరాలికి ఆ రాత్రే వాళ్ల అమ్మమ్మ చెప్పిన నాలుగు వాక్యాలనూ శుభ్రంగా రాసి పంపాను. కామాలు తప్ప నేను చేర్చింది ఏమీ లేదు. పొద్దున్న లేచేసరికి జవాబు వచ్చింది: “అర్థమైంది తాతయ్యా. మరి మెంతికాయ ఎందులోకి వస్తుంది?”

ఫోను తీసుకెళ్లి మా ఆవిడ చేతికిచ్చాను.